గుర్రం మనసుకు మందవుతుందా? ‘హార్స్ థెరపీ’ అనే మాట వెనక ఉన్నదేమిటి

అమెరికా నుంచి చుట్టాలు ఫోన్ చేస్తారు. "మా పక్కింటి బాబుకు హార్స్ థెరపీ ఇప్పిస్తున్నారు వదినా, ఎంత మార్పొచ్చిందో! మీ వాడికి కూడా అక్కడెక్కడైనా ఉందేమో కనుక్కో" అంటారు. ఆటిజం ఉన్న పిల్లాడి తల్లికి ఆ రాత్రి ఇక నిద్ర పట్టదు. ఫోన్లో వెతుకుతూ కూర్చుంటుంది. ఒక వీడియోలో నాలుగేళ్ల పాప గుర్రం వీపు మీద కూర్చుని ఉంటే ఇద్దరు చెరోపక్కా పట్టుకుని నడిపిస్తుంటారు. ఇంకో వీడియోలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు గుర్రం మెడకు తల ఆనించి ఏడుస్తుంటాడు. మరో దాంట్లో ఆఫీసు ఉద్యోగులు గుర్రాలను తాడు పట్టుకు నడిపిస్తూ నాయకత్వం నేర్చుకుంటుంటారు. అన్నిటికీ ఒకటే పేరు: హార్స్ థెరపీ.

నిజానికి అవి వేరు వేరు పనులు. చేసేవాళ్ల చదువు వేరు, లక్ష్యం వేరు, వెనక ఉన్న ఆధారాల బలమూ వేరు. ఒకదానికి దొరికిన రుజువును ఇంకోదానికి అంటగట్టడం దగ్గరే గందరగోళమంతా మొదలవుతోంది.

ఒకే పేరు, నాలుగు పనులు

మొదటిది హిప్పోథెరపీ. గ్రీకులో హిప్పోస్ అంటే గుర్రం. ఇది మనసుకు చేసే వైద్యం కాదు. ఫిజియోథెరపిస్టో, ఆక్యుపేషనల్ థెరపిస్టో, స్పీచ్ థెరపిస్టో తమ వైద్యంలో గుర్రపు నడకను సాధనంగా వాడుకుంటారు. గుర్రం మెల్లగా నడుస్తుంటే దాని వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందికీ కదులుతుంది. మనిషి నడిచేటప్పుడు నడుము ఎలా కదులుతుందో, గుర్రం మీద కూర్చున్నవాళ్ల నడుమూ ఇంచుమించు అలాగే కదులుతుంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు పట్టుతప్పే స్థితి) ఉండి సరిగా నడవలేని పిల్లల ఒంటికి నడక లయ ఆ రకంగా అందుతుంది.

రెండోది థెరప్యూటిక్ రైడింగ్. వైకల్యం ఉన్నవాళ్లకు వీలుగా మార్చిన స్వారీ పాఠం అనుకోవచ్చు. నేర్పేది స్వారీ శిక్షకులు, వైద్యులు కాదు. మూడోది ఈ వ్యాసానికి అసలు విషయం: గుర్రం తోడుగా సాగే సైకోథెరపీ. దీన్ని నడిపేది మానసిక వైద్యంలో అర్హత ఉన్న థెరపిస్టు. చాలా పద్ధతుల్లో ఇక్కడ స్వారీయే ఉండదు. పని అంతా నేల మీదే. ఇక నాలుగోది శిక్షణ కార్యక్రమాలు: ఆఫీసు బృందాలకు, విద్యార్థులకు. వాటిలో చికిత్స ఏమీ లేదు.

ఈ గజిబిజి అమెరికాలోనూ ఉంది. అక్కడి నిపుణులు 2021లో ఒక ఏకాభిప్రాయ పత్రం తెచ్చారు. ‘ఈక్వైన్ థెరపీ’ లాంటి గంపగుత్త పేర్లు వాడొద్దనీ, ఏ వృత్తివాళ్లు చేస్తే ఆ వృత్తి పేరుతోనే పిలవాలనీ దాని సారాంశం. సైకోథెరపిస్టు చేస్తే అది సైకోథెరపీ, అందులో గుర్రం ఉంది, అంతే. పేరు మార్చడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన మంచి పనుల్లో అదొకటి.

వీటికి మూలం వెతికితే చాలామంది లిజ్ హార్టెల్ పేరు చెబుతారు. డెన్మార్క్‌కు చెందిన ఈమెకు 1944లో పోలియో వచ్చింది. మోకాళ్ల కింద కాళ్లు పనిచేయవు. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా మనిషి సాయం కావాలి. అలాంటి ఆమె 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, మగవాళ్లతో కలిసి పోటీపడి, గుర్రాన్ని సైగలతో లయగా నడిపించే డ్రెసాజ్‌లో వెండి పతకం గెలిచింది. వికలాంగులకు స్వారీ నేర్పాలన్న ఆలోచన యూరప్‌లో ఆ తర్వాత ఊపందుకుంది. 1969లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఇందుకోసం జాతీయ సంస్థలు ఏర్పడ్డాయి. అప్పటిదాకా దృష్టి అంతా శరీరం మీదే. మనసు కోసం గుర్రాలను వాడడం ఆ తర్వాత రూపు దిద్దుకుంది. ఆ దారిలో బాగా పేరుపడ్డ సంస్థ ‘ఈగాలా’ 1999లో అమెరికాలో మొదలైంది. ఒక మానసిక వైద్య నిపుణుడు, గుర్రాల గురించి తెలిసిన మరొకరు, గుర్రాలు, నేల మీదే పని: ఇదీ దాని చట్రం.

గుర్రమే ఎందుకు? కుక్క చాలదా?

కుక్క వేటాడే జంతువు. మనిషితో వేల ఏళ్లుగా ఒకే కప్పు కింద బతికింది. మనం విసుక్కున్నా తోక ఊపుకుంటూ వస్తుంది. గుర్రం సంగతి వేరు. అది వేటకు గురయ్యే జంతువు. పులో తోడేలో ఎటునుంచి దూకుతుందో తెలియని బతుకు కాబట్టి దాని ఒళ్లంతా కాపలాయే. కళ్లు తలకు చెరోపక్కా ఉండడం వల్ల చుట్టూ ఉన్నది దాదాపు మొత్తం, ఇంచుమించు 350 డిగ్రీల మేర, తల తిప్పకుండానే చూస్తుంది. చెవులు ఒక్కోటి ఒక్కో వైపు తిరుగుతాయి. మంద‌లో ఒకటి బెదిరితే మిగతావీ బెదురుతాయి. పక్కవాడి ఒంటి బిగువును పసిగట్టలేని గుర్రం అడవిలో ఎక్కువ కాలం బతకదు.

మనుషుల్ని కూడా అది అలాగే గమనిస్తుంది. ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగంలో 28 గుర్రాలకు మనుషుల ముఖాల ఫోటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖం చూసినప్పుడు వాటి గుండె వేగం త్వరగా పెరిగింది. బెదురు కలిగించేవాటిని చూసినట్టే ఎడమ కంటితో ఎక్కువగా చూశాయి.

మనవాళ్లకు ఇది కొత్త కాదు. భారతంలో నలుడికి వచ్చిన విద్య పేరు అశ్వహృదయం. ఋతుపర్ణుడు దాని కోసమే తన పాచికల విద్య అక్షహృదయాన్ని మారకంగా ఇచ్చాడు. గుర్రాలను తోలే నేర్పుకు ‘హృదయం’ అని పేరు పెట్టినవాళ్లు వాటి పక్కన చాలాకాలం నిలబడి ఉంటారని నాకనిపిస్తుంది.

ఇంకో కారణం బరువు. 450 కిలోల జంతువు ముందు నిలబడ్డప్పుడు మనిషి ధ్యాస వేరే చోట ఉండడం కష్టం. ఎప్పుడూ గతంలోనో భయంలోనో తిరిగే మనసు, ఆ కాసేపు ఆ గుర్రం దగ్గరే నిలబడుతుంది. థెరపిస్టులు పదే పదే చెప్పే లాభం ఇదే.

హాన్స్ అనే గుర్రం చెప్పిన పాఠం

ఈ విషయంలో అతి పాత, అతి పనికొచ్చే కథ బెర్లిన్‌లో జరిగింది. వాన్ ఓస్టెన్ అనే రిటైరైన లెక్కల మాస్టారు తన గుర్రానికి కూడికలూ తీసివేతలూ నేర్పానన్నాడు. మూడూ నాలుగూ ఎంత అని అడిగితే హాన్స్ ముందుకాలి డెక్కతో ఏడుసార్లు నేలను తట్టేది. 1904లో నిపుణుల బృందం వచ్చి చూసి, మోసమేమీ లేదని తేల్చింది. నిజంగానే మోసం లేదు. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అసలు గుట్టు పట్టుకున్నాడు. ప్రశ్న అడిగినవాడికే జవాబు తెలియకపోతే హాన్స్ కూడా తప్పేది. అడిగినవాడు కనబడకపోయినా తప్పేది. తట్టడం సరైన అంకెకు చేరగానే అడిగినవాడి తల, తనకే తెలియకుండా, రవ్వంత కదిలేది. ఒంట్లో బిగువు సడలేది. హాన్స్ దాన్ని చూసి ఆగిపోయేది. ఈ సంగతి తెలిశాక కూడా ఫుంగ్‌స్ట్ తన ఒంట్లోని ఆ కదలికను ఆపుకోలేకపోయాడు.

గుర్రం తోడు థెరపీని సమర్థించేవాళ్లకూ, అనుమానించేవాళ్లకూ ఈ కథలో చెరి సగం వాటా ఉంది. మనకే తెలియని మన ఒంటి భాషను గుర్రం చదవగలదన్నది నిజం. అయితే అది చదివింది కదలికను, భావాన్ని కాదు. పైగా చుట్టూ ఉన్న పెద్దలందరూ దానికి లేని తెలివిని దానికి కట్టబెట్టారు, ఏ దురుద్దేశమూ లేకుండా, చిత్తశుద్ధితో.

కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇటే చూపిస్తోంది. మానసిక గాయాల తాలూకు పీటీఎస్‌డీ నిజంగా ఉన్నవాళ్లనూ, ఉన్నట్టు నటించేవాళ్లనూ థెరపీ గుర్రాల దగ్గరకు పంపారు. గుర్రాలు మనిషి లోపలి బాధ కంటే ఒంటి సంకేతాలకే ఎక్కువ స్పందించాయని తేలింది. గుర్రాలతో మసలిన అనుభవం ఆ మనిషికి ఉందా లేదా అన్నది తేడా తెచ్చింది. "గుర్రం మీ ఆత్మకు అద్దం" లాంటి ప్రచారాన్ని అందుకే నేను అంగీకరించలేను. గుర్రం గుండె చుట్టూ ఉన్న విద్యుదయస్కాంత క్షేత్రం మన గుండెను సరిచేస్తుందన్న మాటలకైతే ఆధారమే లేదు.

ఒక సెషన్ ఎలా సాగుతుంది

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. రమ్యకు 27 ఏళ్లు. ఏడాది కిందట బైకు ప్రమాదం జరిగింది. ఒళ్లు కోలుకుంది. కానీ వెనక నుంచి హారన్ వినబడితే చాలు గుండె దడదడలాడుతుంది. మనుషులకు దూరంగా ఉంటోంది. గదిలో కూర్చుని మాట్లాడే కౌన్సెలింగ్‌లో మాట పెగలడం లేదు.

కంచె వేసిన మైదానంలో ఒక గుర్రం ఉంది. థెరపిస్టు, గుర్రాల నిపుణుడు పక్కనే ఉన్నారు. గుర్రం దగ్గరకు వెళ్లి, దాని మెడకు తాడు తగిలించి, కంచె దాకా నడిపించుకు రావాలి, అదే పని. రమ్య భుజాలు బిగించి, గబగబా ఎదురుగా వెళ్తుంది. గుర్రం మొహం తిప్పుకుని రెండడుగులు పక్కకు జరుగుతుంది.

"ఇప్పుడేం జరిగిందంటారు?" అని థెరపిస్టు అడుగుతారు.

"నేనంటే దానికి ఇష్టం లేదండీ. ఎవరికీ ఉండదు."

"అది ఎలా తెలిసింది మీకు?"

రమ్య దగ్గర జవాబు లేదు. గుర్రాల నిపుణుడు ఒక్క మాట అంటాడు: "దాని చెవులు చూడమ్మా, మేత బండి వైపున్నాయి."

థెరపీ ఉన్నది ఇదుగో, ఈ చోట. గుర్రం రమ్య మనసును చదవలేదు. అది మేతను చూసింది. కానీ ఆ చిన్న కదలికకు రమ్య ఇచ్చుకున్న అర్థం ఆమె జీవితమంతా ఇచ్చుకుంటున్న అర్థమే. గదిలో నెల రోజులకు బయటపడాల్సిన ఆలోచన కళ్లెదుట, ఓ పది నిమిషాల్లో బయటపడింది. తర్వాత ఆమె ఊపిరి నెమ్మదించుకుని, పక్కగా, మెల్లగా నడిచి వెళ్తే గుర్రం కదలకుండా నిలబడుతుంది. "నా ఒంట్లో బిగువును నేనే తగ్గించగలను" అన్నది మాటలా కాక అనుభవంలా అందుతుంది. అక్కడ సరైన ప్రశ్న అడిగే మనిషి లేకపోతే, రమ్య "గుర్రానికి కూడా నేనంటే పడలేదు" అనుకుంటూ ఇంటికి వెళ్లిపోయేది. అది వైద్యం కాకపోగా గాయం.

లెక్కల దగ్గరకు వస్తే

మనసుకు చేసే వైద్యం పనిచేసిందో లేదో కొలవడానికి ప్రశ్నావళులు ఉంటాయి. దిగులు వ్యాధిని కొలిచే పీహెచ్‌క్యూ-9లో స్కోరు 0 నుంచి 27 దాకా ఉంటుంది. ఎక్కువైతే బాధ ఎక్కువ. ఒక కేంద్రంలో పదిమంది చేరారనుకుందాం. సగటు స్కోరు 18. ఎనిమిది వారాల తర్వాత 11కు దిగింది. ఏడు పాయింట్లు తగ్గింది. ఇది గుర్రం గొప్పేనా?

అలాంటి మరో పదిమందిని ఏ చికిత్సా లేకుండా వేచి ఉండమన్నామనుకుందాం. వాళ్ల స్కోరు కూడా 15కు దిగవచ్చు. మనిషి బాధ శిఖరాన ఉన్నప్పుడే సాయం కోసం వస్తాడు, ఆ శిఖరం నుంచి కొంత దిగడం దానంతటదే జరుగుతుంది. ఇంకో పదిమందిని అదే థెరపిస్టుతో, అదే మైదానంలో, గుర్రం బదులు తోటపనిలో పెట్టామనుకుందాం. వాళ్లది 12కు దిగితే? అప్పుడు గుర్రం వాటా ఒక్క పాయింటు. మిగతాదంతా కాలం, ఎండ, నడక, తోటివాళ్లు, శ్రద్ధగా వినే థెరపిస్టు తాలూకు ఫలితం. ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే, కానీ పరిశోధకుల తగువు సరిగ్గా ఇక్కడే ఉంది.

2014లో మైకేల్ అనెస్టిస్ బృందం అప్పటిదాకా వచ్చిన 14 అధ్యయనాలను జల్లెడ పట్టింది. పోల్చడానికి సరైన బృందం లేకపోవడం లాంటి లోపాలు అన్నిటిలోనూ ఉన్నాయనీ, మానసిక వ్యాధులకు ఈ చికిత్సను సిఫార్సు చేయడానికి ఆధారం లేదనీ తేల్చింది. ఆ రంగంలో ఉన్నవాళ్లకు అది చేదు మాట. కానీ దాని తర్వాతే అధ్యయనాలు మెరుగయ్యాయి.

కొలరాడోలో రోబిన్ గేబ్రియల్స్ బృందం చేసిన పని 2015లో వచ్చింది. ఆటిజం ఉన్న 6 నుంచి 16 ఏళ్ల పిల్లలు 127 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. ఒక బృందానికి పది వారాల పాటు స్వారీ. రెండో బృందమూ అదే గుర్రపుశాలకు వచ్చింది, గుర్రాల గురించే నేర్చుకుంది, కాకపోతే నిజమైన గుర్రానికి బదులు అంత ఎత్తు బొమ్మ గుర్రంతో. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, అతి చలాకీతనం ఎక్కువగా తగ్గాయి. మాట్లాడే మాటలు పెరిగాయి. పైన చెప్పుకున్న లెక్కలోని తోటపని బృందం లాంటిది ఇక్కడ నిజంగా ఉంది కాబట్టే దీనికి విలువ. అయితే ఇది థెరప్యూటిక్ రైడింగ్, సైకోథెరపీ కాదు.

సైకోథెరపీ వైపు ఎక్కువగా చెప్పుకునేది కొలంబియా యూనివర్సిటీలో జరిగిన ‘మేనో వార్’ ప్రాజెక్టు. పీటీఎస్‌డీ ఉన్న 63 మంది మాజీ సైనికులు, వారానికోసారి 90 నిమిషాల చొప్పున ఎనిమిది వారాలు, చిన్న బృందాలుగా, స్వారీ లేకుండా గుర్రాలతో పనిచేశారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం పీటీఎస్‌డీ, దిగులు రెండూ బాగా తగ్గాయి. మూడు నెలల తర్వాత కూడా ఆ మెరుగు నిలిచింది. మధ్యలో మానేసినవాళ్లు చాలా తక్కువ. ఈ చివరి సంగతి నాకు ముఖ్యంగా తోస్తుంది. ఎందుకంటే పీటీఎస్‌డీకి రుజువైన చికిత్సల్లో గాయాన్ని మళ్లీ మళ్లీ తలచుకోవాల్సి వస్తుంది, తట్టుకోలేక మధ్యలో వెళ్లిపోయేవాళ్లు చాలామంది. లోటు ఏమిటంటే ఈ అధ్యయనంలో పోల్చడానికి రెండో బృందం లేదు.

అందుకే అమెరికా ప్రభుత్వం ఒకేసారి రెండు మాటలు అంటోంది. మాజీ సైనికుల శాఖ గుర్రాల కార్యక్రమాలకు గ్రాంట్లు ఇస్తోంది. అదే శాఖ, రక్షణ శాఖతో కలిసి 2023లో విడుదల చేసిన పీటీఎస్‌డీ మార్గదర్శకాలు మాత్రం జంతువుల తోడు చికిత్సను చేయమనడానికీ వద్దనడానికీ చాలినంత ఆధారం లేదన్నాయి. మొదటి చికిత్సగా అవి చెప్పేది మానసిక చికిత్సలైన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, ఈఎమ్‌డీఆర్‌నే.

నమ్మేవాళ్ల మాట, అనుమానించేవాళ్ల మాట

సమర్థించేవాళ్లు ఇలా అంటారు: గుర్రాన్ని విడిగా తీసి ఎన్ని పాయింట్లని తూకం వేయడమే పొరపాటు. గదిలో కుర్చీలో కూర్చోవడానికి ససేమిరా అనే పదహారేళ్ల కుర్రాడు గుర్రం కోసం వస్తాడు. రావడమే సగం వైద్యం. ఈ మాటలో బలముంది. చికిత్సకు రానివాడికి ఎంత రుజువైన చికిత్స ఉండీ ఏం లాభం?

అనుమానించేవాళ్ల జవాబూ అంతే బలమైనది. గుర్రాల మీద ఇష్టం ఉన్నవాళ్లే ఇక్కడికి వస్తారు, వాళ్లు బాగుపడితే అది ఇష్టం తెచ్చిన ఆశ కావచ్చు. ఏ బృందంలో ఉన్నదీ మనిషికి తెలియకుండా దాచడం మాత్రల్లో కుదురుతుంది, గుర్రం విషయంలో కుదరదు. అన్నిటికంటే పెద్ద భయం వేరే ఉంది: తక్కువ ఖర్చుతో, రుజువైన దారిలో నయం కావలసిన మనిషి ఆ నెలలూ ఆ డబ్బూ ఇక్కడ పోగొట్టుకోవడం.

నాకు రెండో వాదం కాస్త బరువుగా తోస్తుంది, ఈ థెరపీని మొదటి చికిత్సగా అమ్మినంత కాలం. రుజువైన చికిత్సకు తోడుగా, లేదా దాన్ని తట్టుకోలేనివాళ్లకు మెట్టుగా పెట్టినప్పుడు మొదటి వాదం గెలుస్తుంది.

ప్రమాదాల సంగతీ ఉంది. గుర్రం తన్నగలదు, బెదిరి పడేయగలదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ పైభాగపు ఎముకల కీలు వదులుగా ఉంటుంది, వాళ్లకు స్వారీ ప్రాణం మీదికి తేవచ్చు. ఉబ్బసం, వెంట్రుకల అలర్జీ ఉన్నవాళ్లకు గుర్రపుశాల పడదు.

గుర్రానికి ఏమవుతుంది

ఈ ప్రశ్న వేయకుండా రాసిన వ్యాసాలు చదివితే మనసు చివుక్కుమంటుంది. చెవులు వెనక్కి వాల్చడం, తోక విసురుగా ఆడించడం, తాడు పట్టగానే మొహం తిప్పుకోవడం: "నాకిది చాలు" అని చెప్పడానికి గుర్రానికి ఉన్న భాష ఇదే. వెళ్లిపోయే వీలు గుర్రానికి ఉండాలి. రమ్య ఉదాహరణలో అది పక్కకు జరగగలిగింది కాబట్టే ఆ క్షణానికి అర్థం వచ్చింది. పొట్టి తాడుతో గుంజకు కట్టేసిన గుర్రం ఎవరి దగ్గరైనా నిలబడుతుంది.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అన్నారు. 450 కిలోల గుర్రం రోజుకు తొమ్మిది పది కిలోల మేత తింటుంది. పాతిక ముప్పై ఏళ్లు బతుకుతుంది. పనికి ముసలిదైపోయాక దాన్ని ఎవరు పోషిస్తారన్న లెక్క సెషన్ ధరలో కలిసి ఉండాలి. అందుకే నిజాయితీగా నడిపే చోట ఇది చవకగా రాదు.

మన దగ్గర

దేశంలో గుర్రాలే తగ్గిపోతున్నాయి. 2012 పశుగణనలో గుర్రాలు, తట్టువలు కలిపి సుమారు 6.2 లక్షలు. 2019కి 3.4 లక్షలు. ఉన్నవాటిలో పెళ్లి ఊరేగింపులకూ, బరువులు మోయడానికీ తిరిగేవి చాలా ఉన్నాయి. బాజాలకు బెదిరి బతికిన గుర్రాన్ని తెచ్చి మనసు గాయపడ్డవాళ్ల పక్కన నిలబెట్టడం ఇద్దరికీ అన్యాయం.

రెండో సంగతి అర్హత. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. స్పీచ్ థెరపిస్టులూ, స్పెషల్ ఎడ్యుకేటర్లూ ఆ రిజిస్టరులోకే వస్తారు. ‘అశ్వ చికిత్సకుడు’ అనే వర్గం అందులో లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఎవరిని మానసిక వైద్య నిపుణులుగా గుర్తిస్తుందో చెబుతుంది, అందులోనూ లేదు. అంటే వారం రోజుల కోర్సు సర్టిఫికెట్టు గోడకు తగిలించి ఎవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు. గుర్రం పక్కన నిలబడ్డ మనిషి పేరు ఏదో ఒక రిజిస్టరులో ఉందా అన్నదే ఇక్కడ తేడా చూపే గీత.

మూడోది, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మానసిక వ్యాధులున్నవాళ్లలో చికిత్స అందనివాళ్లు, వ్యాధిని బట్టి, నూటికి 70 నుంచి 92 మంది. మామూలు కౌన్సెలింగే అందని చోట గుర్రాల మాట ఎత్తడం సబబేనా అని ఎవరైనా అడిగితే, అడగాల్సిన ప్రశ్నే అంటాను.

ఇక ఆ తల్లి దగ్గరకు వద్దాం. ఆమె చూసిన సైనికుడి వీడియో వెనక ఉన్నది పెద్దవాళ్ల పీటీఎస్‌డీ మీద జరిగిన పని. ఆమె కొడుకు గురించి అది ఏమీ చెప్పదు. గుర్రం మీద పాపను ఇద్దరు పట్టుకు నడిపిస్తున్నది బహుశా హిప్పోథెరపీ, కండరాల కోసం. ఆఫీసు వీడియోకు ఆమెతో సంబంధమే లేదు. బాబుకు ఆరేళ్లు నిండి ఉంటే, ఆమెకు దగ్గరగా వచ్చేది కొలరాడో అధ్యయనం ఒక్కటే. అందులో పిల్లలు నేర్చుకున్నది స్వారీ, తగ్గింది చిరాకు, పెరిగింది మాట. ఆటిజం పోయిందని దాన్ని చేసినవాళ్లు కూడా అనలేదు. ఇప్పుడు బాబుకు సాగుతున్న స్పీచ్ థెరపీని ఆపి దీన్ని పెట్టొచ్చా అన్నది ఆ అధ్యయనం తాకని ప్రశ్న.